బారకూడా గొంతు

బానెట్ తెరిచేసరికి లోపల ఇంజన్ లేదు.

ఇన్‌స్పెక్టర్ మోనా హెడ్‌లుండ్ టార్చి వేసి రెండోసారి చూసింది. ముప్పై ఎనిమిదేళ్లు గని గుంట నీళ్లలో మునిగి ఉన్న కారు అది. బురద కడిగాక అక్కడక్కడా ఊదారంగు ఇంకా మెరుస్తోంది. 1970 ప్లిమత్ బారకూడా. స్వీడన్‌లోని కాల్‌బెర్గా ఊరు మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉండేది. అది రోలండ్ ఓకర్‌బ్లూమ్‌ది. రోలే అంటేనే ఊరికి తెలిసేది. 1986లో మిడ్‌సమ్మర్ పండగ నాటి సాయంత్రం, తొమ్మిదీ పదికి, రోలే ఈ బండిలో పడమటి రోడ్డు పట్టి నార్వే వైపు వెళ్లాడనీ, మళ్లీ రాలేదనీ పాత ఫైల్లో ఉంది. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు.

మొన్న మంగళవారం ఫ్రెడ్రిక్ గుంటలో సాధన చేస్తున్న డైవర్లకి ఇరవై రెండు మీటర్ల లోతున, ఒక రాతి అంచు మీద ఆగిపోయిన బండి కనిపించింది. పైకి లాగి ఫైర్‌స్టేషన్ షెడ్డులో పెట్టారు. లోపల మనిషి ఆనవాలు లేదు. ఎముక ముక్క కూడా లేదు.

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. గురువారం. రేపే పండగ.

"నేను చెప్పింది ఇదేగా," అన్నాడు యెస్పర్ వాద్మన్ వెనక నుంచి. పాత కేసుల విభాగం నుంచి వచ్చినవాడు. ఇంకా నలభై నిండలేదు గానీ, నాలుగు జన్మల అనుభవం ఉన్నవాడిలా మాట్లాడతాడు. "ఇంజన్ అమ్ముకున్నాడు. డొల్లని గుంటలోకి తోసేసి నార్వే చెక్కేశాడు. హత్యా లేదు, గిత్యా లేదు. ఒంటిగంటకి డైవర్లని ఇళ్లకి పంపేస్తున్నా."

"ఆ రాతి అంచు కింద ఇంకా ఎంత లోతుంది?"

"నలభై మీటర్లు. అయితే ఏంటట?"

"అక్కడికి ఎవరూ దిగలేదుగా."

"దేనికి దిగాలి మోనా? చేపలకా? పండగ ముందు రోజు నలుగురు మనుషుల్ని అంత లోతు చలినీళ్లలోకి దింపాలంటే కారణం కావాలి. చూపించండి, దింపుతా."

మోనా బానెట్ కిందికి వంగింది. ఇంజన్ కూర్చునే దిమ్మలు చూసింది. వాటికి బిగించే బోల్టులు వాటి వాటి రంధ్రాల్లోనే ఉన్నాయి. ఎవరో చేత్తో రెండు చుట్లు తిప్పి తిరిగి పెట్టారు. ఇంజన్ పోయాక గేర్‌బాక్స్ కిందికి వేలాడిపోకుండా ఇనుప తీగతో పైకి కట్టారు. తీగ కొసలు లోపలికి మడిచి ఉన్నాయి, తర్వాత పనిచేసేవాడి చెయ్యి గీసుకోకుండా.

"దొంగైతే బోల్టులు నేలమీద పారేస్తాడు," అంది. "అమ్ముకునేవాడైతే ఇంజన్‌తో పాటు డబ్బాలో వేసి ఇచ్చేస్తాడు. వీడు తొందరపడలేదు. వీడికి ఇది రోజూ చేసే పని."

"మంచి మెకానిక్‌ని పిలిపించుకున్నాడు. అది నేరమా?"

"ఇంజన్ లేని బండి గుంట దాకా నడిచి వెళ్లదు కదా. ఇదిగో, ఇవి చూడు." బండి ముందూ వెనకా బంపరు కమ్ముల మీద గొలుసు లంకెల అచ్చులు, రెండు వైపులా ఒకే ఎత్తున ఉన్నాయి. "నాలుగు మూలలా గొలుసులు వేసి పైకెత్తారు. క్రేన్ ఉన్న లారీ. అప్పట్లో ఈ చుట్టుపక్కల అలాంటివి మూడే. కోత మిల్లుది ఒకటి, పాత ఇనుము కొనేవాడిది ఒకటి, గనిది ఒకటి."

"గని లారీ నడిపింది ఎవరు?"

"మా నాన్న," అంది మోనా. దాచాల్సిన పనేం కనబడలేదు ఆమెకి. "హెల్గే హెడ్‌లుండ్. రోలే అంటే ఆయనకి ఇష్టమే. ఈ బండికి కావలసిన సామాను కూడా తెచ్చిచ్చాడు."

యెస్పర్ కనుబొమ్మలు లేచాయి. కాఫీ ఒక గుక్క తాగి చేతి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మోనా చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జారింది. తుప్పు, నాచు, చల్లని ఇనుము వాసన. టార్చి వెలుగు ముందు నుంచి వెనక్కి పాకించింది. మధ్యలో ఆపేసింది. మళ్లీ ముందు నుంచి మొదలుపెట్టింది.

పొగ గొట్టాలు లేవు. రెండు వైపులా, ఇంజన్ దగ్గర నుంచి తోక దాకా, మొత్తం లేవు. వాటిని పట్టి ఉంచే క్లాంపులు మాత్రం విప్పి, మళ్లీ మూసి, జాగ్రత్తగా వేలాడదీసి ఉన్నాయి.

ఆ గొట్టాలు ఆమెకి తెలుసు.

ఎనభై ఆరు ఫిబ్రవరి. రోలే స్నేహితుడు కెంట్ దాల్‌మన్ షెడ్డులో ఇనుప పొయ్యి ఎర్రగా కాగుతుంటే, పందొమ్మిదేళ్ల మోనా రెండు చేతులా దీపం పట్టుకుని నిలబడేది. రోలే బండి కింద పడుకుని వెల్డింగ్ చేసేవాడు. కెంట్ రేకులు కోసిచ్చేవాడు. బండి అమెరికా నుంచి దిగినప్పుడు ఉన్న గొట్టాల మోత రోలేకి నచ్చలేదు. "ఇది దగ్గుతోంది పిల్లా, మాట్లాడటం లేదు," అనేవాడు. గని మూతపడ్డాక లోపల మూలుగుతున్న గాలి గొట్టాలని మోనా నాన్న లారీలో వేసుకొచ్చి షెడ్డు ముందు దింపాడు. వాటిని వంచి, అతికి, మూడుసార్లు పీకి, మళ్లీ అతికారు. నాలుగోసారి తాళం తిప్పినప్పుడు షెడ్డు కప్పు మీది మంచు మొత్తం జారి కింద పడింది. ముగ్గురూ చెవులు మూసుకుని పిచ్చివాళ్లలా నవ్వారు. తనిఖీ కేంద్రానికి వెళ్లిన రోజున మోత బయటపడకుండా రోలే గొట్టాల్లో స్టీలు పీచు కూరాడు. పాసైన కాగితం చేతికి రాగానే మొదటి మలుపులో ఆపి పీకేశాడు.

ఆ వేసవి శనివారాల్లో ఊళ్లో అమెరికన్ బండ్లు పాతిక దాకా చౌకు చుట్టూ తిరిగేవి. అందరూ కిటికీలు దించి, జుట్టుకి నూనె రాసి, వెనక సీట్లో అమ్మాయిల్ని ఎక్కించుకుని తిరిగే, ఊరు రగ్గరే అని పిలిచే కుర్రాళ్లే. పాతిక బండ్లలోనూ బారకూడాని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. మూడో గేరు పడే ముందు చిన్న ఎక్కిళ్లు వచ్చేవి దానికి. అలాంటి గొంతు ఇంకే బండికీ లేదు.

మోనా పలక మీద అలాగే పడుకుని ఉండిపోయింది. పైన యెస్పర్ బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"నిద్రపోయారా?"

ఆమె బయటికి జారి లేచి నిలబడింది. మోకాళ్లు కటకటమన్నాయి.

"యెస్పర్, ఇంజన్ ఎత్తుకుపోయినవాడికి గొట్టాలెందుకు?"

"ఏమో. ఇనుము ధరకి అమ్ముకోవడానికి."

"గనిలో పారేసిన ఇనుము అది. ఎవడూ కొనడు. ఇంకో బండికి అతకాలంటే రోజంతా పడుతుంది, అయినా సరిగ్గా అతకదు. ఇంజన్ కావాలనుకున్నవాడు ఇంజన్ తీసుకుంటాడు. ఆ గొంతు కావాలనుకున్నవాడే గొట్టాలు కూడా విప్పుతాడు."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"ఫైల్లో ఆ సాయంత్రం తొమ్మిదీ పదికి బారకూడా వెళ్లిందని ఎంతమంది చెప్పారు?"

"ఎనిమిది మంది."

"చూసింది ఎంతమంది?"

యెస్పర్ ఫైలు తిప్పాడు. అతను అహంకారి గానీ తెలివితక్కువవాడు కాదు. పేజీల మధ్య అతని వేలు ఆగింది.

"ఒక్కడు. కెంట్ దాల్‌మన్. తన షెడ్డు గుమ్మంలోంచి చూశానన్నాడు. మిగతా ఏడుగురూ సాసేజ్ కొట్టు దగ్గర ఉన్నారు. వాళ్లు... విన్నారు."

"బండి వెళ్లిన పై రోడ్డుకీ కొట్టుకీ మధ్య పాత రైలు కట్ట అడ్డం. బండి కనబడదు. విని, రోలే వెళ్లాడనుకున్నారు. రోలేని కళ్లతో ఆఖరిసారి చూసింది బుధవారం సాయంత్రం ఆరింటికి. గురువారం ఎవరూ చూడలేదు. శుక్రవారం కూడా ఎవరూ చూడలేదు. శుక్రవారం తొమ్మిదీ పదికి వెళ్లింది అతని గొంతు మాత్రమే. ఇంకో బండికి అమర్చిన గొంతు." ఆమె ఫైలు వైపు వేలు చూపింది. "మనవాళ్లు ఊళ్లో అందరినీ ఒకటే అడిగారు, శుక్రవారం రాత్రి ఎక్కడున్నావని. బుధవారం ఎక్కడున్నావని ఒక్కణ్ణి కూడా అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా తప్పు రోజుని పట్టుకుని వేలాడుతున్నాం."

యెస్పర్ ఫైలు మూశాడు. మూసి, దానిమీద అరచెయ్యి ఆనించాడు.

"కథ బాగుంది. కానీ ఆ ఏడుగురిలో అయిదో సాక్షి పేరు ఎప్పుడు చెబుదామనుకున్నారు? మోనా హెడ్‌లుండ్, పందొమ్మిదేళ్లు, బేకరీలో పని. నిన్న రాత్రి చదివాను."

మోనా టార్చి ఆర్పింది.

"ఫైల్లో ఉన్నదేగా. నేను దాచలేదు."

"చెప్పనూ లేదు. అతను మీ ప్రియుడు. గొట్టాలు తెచ్చింది మీ నాన్న. లారీ నడిపింది మీ నాన్న. సాక్షి మీరు. దర్యాప్తు చేసేదీ మీరేనా? ఇది పోలీసు కేసా, మీ ఇంటి ఆల్బమా? ఇది ఇంకో ఏడాది ముందు జరిగుంటే, పాత చట్టం లెక్కన ఈ ఫైలుకి కాలం చెల్లిపోయేది, మీకూ నాకూ ఈ బాధ ఉండేది కాదు. ఒంటిగంటకి ప్రాసిక్యూటర్‌తో మాట్లాడుతున్నా. ఆ తర్వాత మీరు ఈ కేసులో లేరు."

"అయితే ఒంటిగంట దాకా ఉన్నట్టే," అని మోనా చేతులు తుడుచుకుని బయటికి నడిచింది.

కారులో కూర్చుని వాహనాల రిజిస్టరుకి ఫోన్ చేసింది. ఎనభై ఆరు వేసవిలో ఈ తాలూకాలో ఇంజన్ మార్చినట్టు నమోదైన అమెరికన్ బండ్లు కావాలంది. అవతలి అమ్మాయి పది నిమిషాల్లో తిరిగి చేసింది. ఒక్కటే ఉంది. 1968 డాడ్జ్ చార్జర్, ఆకుపచ్చ. 383 ఇంజన్ తీసి అంతకన్నా పెద్దది, 440, పెట్టారు. తనిఖీ తేదీ 1986 జూలై 7. యజమాని కెంట్ దాల్‌మన్.

*

పదకొండూ పదికి మోనా వెళ్లేసరికి కెంట్ షెడ్డు ముందు అయిదారు బండ్లు బారులు తీరి ఉన్నాయి. రేపటి ఊరేగింపుకి బయటి ఊళ్ల నుంచి వచ్చినవి. ముందు నడిచేది ఎప్పుడూ కెంట్ చార్జరే. ఆకుపచ్చ బండి షెడ్డు మధ్యలో, అద్దంలా తుడిచి ఉంది. కెంట్ మాత్రం రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేడు. అరవై నాలుగేళ్ల మనిషి, భుజాలు ఇంకా ఎద్దులా ఉంటాయి. ఇవాళ అవే కిందికి జారిపోయాయి.

"రా మోనా," అన్నాడు. పెదవి కింద పొగాకు సర్దుకున్నాడు. "కాఫీ పెట్టనా? దాల్చినచెక్క రొట్టెలున్నాయి, నిన్నటివి."

"వద్దులే. కూర్చో కెంట్. ఇవాళ నేను ఊరికే రాలేదు."

"తెలుసు. మంగళవారం నుంచీ ఎదురుచూస్తున్నా."

ఆమె తలకిందులు చేసిన డబ్బా మీద కూర్చుంది. అది పాత ఆయిలు డబ్బా. ఆ కాలంలోనూ ఇక్కడ ఇలాంటి డబ్బాల మీదే కూర్చునేవారు. రోలేకి కుర్చీ ఇస్తే కాళ్లు అందులో ఇమిడేవి కాదు. డబ్బా మీద కూర్చుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, బండికి ముందు చక్రాలు ఇంకెంత కిందికి దించాలో గంటలకి గంటలు వాదించేవాడు. కెంట్ వద్దనేవాడు. చివరికి దించేది మాత్రం కెంటే.

"శుక్రవారం తొమ్మిదీ పదికి నువ్వు ఎక్కడున్నావు?"

"గుమ్మంలో. అప్పుడే చెప్పాగా."

"బండి ఎటు నుంచి ఎటు వెళ్లింది?"

"చర్చి వైపు నుంచి... పడమటికి."

"డ్రైవరు ఏ చొక్కా వేసుకున్నాడు?"

"ఎవరికి గుర్తుంటుంది మోనా, ఇన్నేళ్ల తర్వాత!"

"అప్పుడూ అడిగారు. తెల్ల చొక్కా అన్నావు. కిటికీలో మోచెయ్యి కనబడిందన్నావు. గుమ్మంలో నిలబడితే పడమటికి వెళ్లే బండికి కుడి వైపు కనిపిస్తుంది. ఆ బండిలో డ్రైవరు కూర్చునేది ఎడమ పక్క, మోచెయ్యి ఎడమ కిటికీలో కదా పెట్టేది."

కెంట్ నేల చూపులు చూశాడు.

"బుధవారం సాయంత్రం ఎక్కడున్నావు?"

ఆ ప్రశ్నకి అతను తలెత్తాడు. ఎవరూ అడగని ప్రశ్న అది. మొహంలో భయం కన్నా అలసట ఎక్కువ కనిపించింది.

"ఇక్కడే."

"నీ చార్జర్‌లో 383 ఉండేది. జూలై ఏడున 440తో తనిఖీకి వెళ్లావు. ఆ 440 ఎక్కడిది?"

"స్వీడన్‌లో 440లు బోలెడున్నాయి."

"ఇంజన్ బ్లాకు మీద నంబరు ఉంటుంది. రోలే బండి కాగితాల్లో కూడా ఉంది. లే, బానెట్ తెరువు. ఇద్దరం కలిసి చదువుదాం."

కెంట్ లేవలేదు. పెద్ద పెద్ద చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. బయట ఎవరో బండి స్టార్టు చేసి, రెండుసార్లు గర్జింపజేసి ఆపారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

"అక్కర్లేదు," అన్నాడు చివరికి. "అదే ఇది."

లేచి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. పైన ఏవో జరిపిన చప్పుడు. దుప్పటి చుట్టిన పొడుగాటి కట్టొకటి భుజాన వేసుకుని దిగి, ఆమె కాళ్ల దగ్గర నేలమీద పెట్టి విప్పాడు. గాలి గొట్టాలు. నూనె రాసి, తుప్పు పట్టకుండా ఉంచాడు. మూడో అతుకు దగ్గర వెల్డింగ్ బొబ్బలా లేచి ఉంది. ఆ రోజు మోనాకి తుమ్ము వచ్చి దీపం కదిలింది. రోలే చెయ్యి తప్పింది. ఆ బొబ్బని చెక్కేయమంటే ఒప్పుకోలేదు. నీ తుమ్ము కూడా ఉండనీ బండికి, అన్నాడు.

ఆమె వేలితో దాన్ని ముట్టుకుంది. పోలీసు ఉద్యోగంలో ముప్పై మూడేళ్లు. సాక్షి ముందు కన్నీళ్లు పెట్టుకోకూడదు. పెట్టుకోలేదు.

"చెప్పు," అంది.

"ఒక్క శుక్రవారమే వాడాను వాటిని. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. పారేయడానికి చేతులు రాలేదు."

"మొదట్నుంచీ చెప్పు. బుధవారం."

"బుధవారం ఎనిమిదింటికి లారీ వచ్చింది. వెనకాల టార్పాలిన్ కప్పి బారకూడా. రోలే మనసు మార్చుకున్నాడు, ఓస్లో రైలెక్కి వెళ్లిపోయాడు, బండి వదిలేసుకున్నాడు అన్నాడు. ఇంజన్ నువ్వు తీసుకో, డొల్ల సంగతి నేను చూసుకుంటా అన్నాడు. రోలే అలా బండి వదిలేసే మనిషి కాదని నాకు తెలీదా? తెలుసు. కానీ 440 మోనా! అది కళ్లముందు వేలాడుతుంటే మనిషి ఏదైనా నమ్ముతాడు. పైగా నా షెడ్డు గని స్థలంలో ఉంది. మూతపడ్డాక గని స్థలాలన్నీ ఆయన కాపలాలోనే ఉండేవి, ఆయన ఒక్క మాట చెబితే ఖాళీ చేయాల్సిందే. గురువారం పొద్దున్నకల్లా ఇంజన్ దించా. మధ్యాహ్నం లారీ వచ్చి డొల్లని తీసుకెళ్లిపోయింది. ఆ రోజంతా, మర్నాడు సాయంత్రం దాకా కూర్చుని నా బండికి ఎక్కించా. గొట్టాలు కూడా ఎక్కించాలన్నాడు. ఎందుకని అడిగా."

"ఎవరు కెంట్?"

కెంట్ ఆమె వంక చూడలేకపోయాడు.

"నీకు తెలుసుగా. లారీ ఎవరిదో."

తెలుసు. పొద్దున్న యెస్పర్‌కి ఆ మాట తేలిగ్గా చెప్పేసినప్పుడే లోపల ఎక్కడో తెలిసి ఉండాలి. ఇప్పుడు మాత్రం డబ్బా అంచుని గట్టిగా పట్టుకుంది.

"గొట్టాలు ఎందుకని అడిగావు. ఆయన ఏమన్నాడు?"

"శుక్రవారం తొమ్మిదీ పదికి పై రోడ్డున, ఎక్కడా ఆపకుండా, ఒకసారి వెళ్లిరమ్మన్నాడు. 'మా అమ్మాయి కొట్టు దగ్గర బట్టల సంచీతో నిలబడి ఉంటుంది. వాడు వెళ్లిపోవడం దాని చెవులతో అది వినాలి. లేకపోతే అది ఇంటికి రాదు, ఎదురుచూస్తూనే ఉంటుంది,' అన్నాడు."

మోనా కాళ్ల దగ్గరున్న గొట్టాల వంక చూసింది.

సంచీ సంగతి ఆమె పోలీసులకి చెప్పలేదు. పెళ్లాడిన మనిషికి చెప్పలేదు, విడిపోయినప్పుడూ చెప్పలేదు. శుక్రవారం తొమ్మిదింటికి రోలే వచ్చి ఎక్కించుకోవాలి, ఇద్దరూ మాల్మో వెళ్లిపోవాలి. అక్కడో వర్క్‌షాపులో అతనికి పని కుదిరింది. సంచీని కొట్టు వెనక ఖాళీ సీసాల పెట్టెల మధ్య దాచింది. తొమ్మిదీ పదికి కట్ట అవతల ఆ గొంతు వినగానే పరుగున కొట్టు ముందు రోడ్డు మీదికి వెళ్లింది. అది నెమ్మదించలేదు. మూడో గేరు ముందు ఎక్కిళ్లు వచ్చాయి. ఆ తర్వాత చప్పుడు సన్నగిల్లి, చెట్ల మధ్య కలిసిపోయింది. పదకొండు దాకా నిలబడింది. ఇంటికి వెళ్తే నాన్న వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ఆమె కోసం స్ట్రాబెర్రీ కేకు ముక్క తీసి ఉంచాడు. చేతిలో ఆ సంచీ ఏమిటని మాత్రం అడగలేదు. అడగనందుకు ఆ రాత్రి ఆమె ఆయన్ని ఎంత ప్రేమించిందో!

ఆ రోజు నుంచీ రోలే తనని వదిలేసి వెళ్లాడనే అనుకుంది. ఆ తర్వాత ఎవరు వస్తానన్నా సగమే నమ్మింది.

"సంచీ గురించి తెలిసింది ఇద్దరికే," అంది నెమ్మదిగా. "నాకూ, రోలేకీ."

"అయితే రోలేనే చెప్పి ఉంటాడు. వాడు బుధవారం ఇక్కణ్నుంచి వెళ్తూ తల దువ్వుకున్నాడు మోనా. ఎక్కడికిరా అంటే, 'హెల్గే దగ్గరికి. దొంగలా ఎత్తుకుపోవడం నాకు ఇష్టం లేదు, అడిగే తీసుకెళ్తా,' అన్నాడు. అది ఆరున్నరకి. ఎనిమిదింటికి లారీ వచ్చింది."

గంటన్నర. మోనా మనసు తనకి తెలియకుండానే లెక్క కట్టేసింది. షెడ్డు నుంచి తమ ఇంటికి పది నిమిషాలు. ఆ బుధవారం ఆమె బేకరీలో రెండో షిఫ్టులో ఉంది. ఇంట్లో నాన్న ఒక్కడే. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.

"ఇంకా ఏదో ఉంది. చెప్పేయ్."

కెంట్ పొగాకుని కాగితంలో ఉమ్మేశాడు. ఆ కాగితాన్ని మడిచాడు, మళ్లీ మడిచాడు.

"లారీ ముందు సీటు దగ్గర, కింద, ఒక బూటు ఉంది. రోలేది. కొనలు తెల్లగా ఉండేవే, అవి. ఒక్కటే ఉంది. ఓస్లో వెళ్లినవాడు ఒంటి బూటుతో వెళ్లాడా అని అడగాలి కదా నేను! అడగలేదు. ఏటా పండగకి ఈ బండి నడుపుతా, జనం చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ బూటే కనిపిస్తుంది."

"ఇదంతా కాగితం మీద పెట్టి సంతకం చేస్తావా?"

"చేస్తా. పిల్లా, నన్ను..." అని ఆగిపోయాడు. క్షమించమని అడగబోయి అడగలేకపోయాడు. ఆమె కూడా ఆ మాటకి సాయం రాలేదు.

*

బయటికి వచ్చి గడియారం చూసుకుంది. పన్నెండూ నలభై ఎనిమిది. ఎండ చురుక్కుమంటోంది. బండ్ల పక్కన మడత కుర్చీలు వేసుకుని ముసలి జంటలు కూర్చుని ఉన్నాయి. ఊరగాయ చేప, కొత్త బంగాళాదుంపలు తింటున్నారు. ఎవరో ఆమెని చూసి చెయ్యి ఊపారు. ఆమె కూడా ఊపింది.

నాన్నకి ఎనభై ఎనిమిది. వృద్ధాశ్రమం ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు వెళ్తే భోజనం అయ్యి కుర్చీలో ఉంటాడు. ఎదురుగా కూర్చుని అడగొచ్చు. కానీ అడిగేది ఎవరు? పోలీసైతే ఆయన నోరు విప్పడు. కూతురైతే, ఆయన ఏం చెప్పినా నమ్మేస్తుంది. ఇన్నేళ్లూ చేసింది అదే.

ఫోన్ తీసి యెస్పర్‌కి చేసింది.

"ప్రాసిక్యూటర్‌తో మాట్లాడావా?"

"ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఏం, బతిమాలుకోవడానికా?" అన్నాడు. వెనకాల నీళ్ల మోటారు మోత వినిపిస్తోంది. గుంట దగ్గరే ఉన్నాడు.

"కాదు. నువ్వన్నదే సరి. నేను ఈ కేసులో ఉండకూడదు. ఈ క్షణం నుంచి లేను. రాసుకో. ఇంజన్, గొట్టాలు కెంట్ దాల్‌మన్ దగ్గర దొరికాయి. శుక్రవారం పై రోడ్డున నడిపింది అతనే. వాంగ్మూలం ఇస్తాడు. డైవర్లని పంపించకు. అంచు కిందికి దించు. కారణం కావాలన్నావుగా, ఇదే."

ఈసారి యెస్పర్ గొంతులో ఎగతాళి లేదు.

"అతనితో నడిపించింది ఎవరు?"

ఆమె కళ్లు మూసుకుంది.

"హెల్గే హెడ్‌లుండ్. సుసెన్ వృద్ధాశ్రమం, రెండో అంతస్తు. నువ్వే వెళ్లి ప్రశ్నించాలి. నేను ఆయన్ని చూడకముందే వెళ్లు. కుడి చెవి సరిగ్గా వినపడదు, ఎడమ పక్కన కూర్చో."

"ఆగండి ఆగండి," అన్నాడు యెస్పర్. "పొడుగ్గా ఉంటాడా? తోసుకుంటూ నడిచే చక్రాల బండి, నీలం టోపీ?"

"అవును. ఏం?"

"నేను వచ్చేసరికే ఆయన ఇక్కడ ఉన్నాడు మోనా. టాక్సీ చేయించుకుని వచ్చాడు. ఒకప్పుడు గనిలో పనిచేశానన్నాడు, పేరు నేను అడగలేదు. ముసలాయన, సరదా పడి చూడ్డానికొచ్చాడనుకుని నేనే కుర్చీ వేయించి కాఫీ ఇచ్చా."

"నిన్నేమైనా అడిగాడా?"

"నన్నేమీ అడగలేదు. డైవర్లు పైకి వచ్చినప్పుడల్లా వాళ్లనే అడుగుతున్నాడు. ఇప్పటికి మూడుసార్లు." యెస్పర్ గొంతు తగ్గించాడు. "ఆ అంచు కిందికైతే దిగరు కదా బాబూ, అని."